టాక్సీ ఎడమ పక్క

ఆ ఆదివారం ఒక ముసలాయన నన్ను ఒక్క ప్రశ్న అడిగాడు. "అటుపక్క మీరు సూసినారా బాబూ?" అని. నేను చూడలేదు. చూడలేదని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. చెప్పకుండా తల ఊపాను, అవునన్నట్టు.

నోటితో అబద్ధమాడలేదు కదా అని సాయంత్రం దాకా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ సర్దుబాటు నిలవలేదు. నోటితో చెప్పాల్సి వస్తే ఆయన మొహం చూడాలి. తల ఊపడానికి ఆ అవసరం కూడా లేదు. నేను తల ఊపుతున్నప్పుడు నా చూపు ఆయన మీద లేదు, నా చేతిలో ఉన్న ఇత్తడి కప్పు మీద ఉంది.

అసలేం జరిగిందో చెప్పాలంటే ముందు రంగుల గురించి చెప్పాలి.

నేను బ్యాంకు ఉద్యోగిని. బదిలీ మీద కలకత్తా వచ్చి పదకొండేళ్లయింది, భవానీపూర్‌లో అద్దెకుంటున్నాను. మధ్యలో విజయవాడ వెళ్లిపోయే అవకాశం వచ్చినా వద్దనుకున్నాను. దానికి సగం కారణం బొమ్మకార్లు. రిమోటుతో నడిచే జానెడు పొడవు కార్లు, వాటి పందేలు. మేం పన్నెండు పదమూడు మందిమి. బడి మాస్టర్లు, ఒక దంతవైద్యుడు, ఒక మెకానిక్కు, రిటైరైన ఒక ఇంజనీరు. ఇంటికి దగ్గర్లోనే పెళ్ళిళ్ళకిచ్చే హాలొకటుంది. నెలలో పెళ్లి ముహూర్తం లేని ఆదివారం చూసుకుని అక్కడ కార్పెట్లు పరిచి, పాత నీటిపైపులతో ట్రాకు అంచులు కట్టుకుంటాం. శ్రావణంలోనూ, మాఘంలోనూ మా పందేలు వెనక్కి పోతుంటాయి.

పందెంలో నేనెప్పుడూ చివర్నించి రెండోవాణ్ణో మూడోవాణ్ణో. నా చేతికి స్టీరింగు రాదు. రంగు వచ్చు. కారు పైకప్పు లాంటి ఆ ప్లాస్టిక్ తొడుగుని మేం బాడీ అంటాం. మిగతావాళ్లు మెరిసే రంగులు కొడతారు. నేను పాతబడిన బండ్లు చేస్తాను. ఎండకి వెలిసిన రంగు, చక్రాల అంచుల్లో తుప్పు, వానాకాలం బురద ఎండిపోయిన చారలు, తలుపు పిడి చుట్టూ వేళ్ల జిడ్డు. ఈ పని మొదలుపెట్టాక రోడ్డు మీద నా చూపు మనుషుల ఎత్తులో ఆగడం మానేసింది. బంపర్ల ఎత్తులో తిరుగుతుంది.

ఈ బాడీలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. రంగు లోపలివైపు వేస్తాం, పైన వేస్తే మొదటి గుద్దుకే ఊడిపోతుంది. లోపలినుంచి వేయడం వల్ల పని తలకిందులవుతుంది. పైకి కనపడాల్సింది ముందు వేయాలి. బండి మీద గీత పడాలంటే, బండికి ఇంకా రంగే లేనప్పుడు గీత గీయాలి. దాని వెనక ఇనుప రంగు, ఆ వెనక అస్తరు, అంటే అడుగుపూత, చివర్న అసలు రంగు. బండి బతుకులో ఆఖర్న జరిగినది నా బల్ల మీద మొట్టమొదట జరుగుతుంది. తుప్పూ దుమ్మూ మాత్రం పైనుంచి అద్దుతాను, సుద్దపొడి నూరి. అవి తుడిస్తే పోతాయి. లోపల వేసింది పోదు.

ఏడాదికి ఒకసారి మాలో ఒక సరదా పందెం ఉంటుంది. ఆ రోజు కార్లన్నీ ఈ ఊరి రోడ్ల మీద తిరిగే బండ్లలాగే ఉండాలి. పందెం ఎవరు గెలిచినా, మంచి బాడీకి వేరే కప్పు. ఆ కప్పు నాది కావాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. మెకానిక్కు మిత్రుడొకడు చెక్కలో అంబాసిడర్ ఆకారం చెక్కి, వేడి ప్లాస్టిక్కు దానిమీద లాగి తొడుగు చేసిచ్చాడు. పసుపు టాక్సీ చేద్దామనుకున్నాను. పాతది, దెబ్బతిన్నది. ఏ టాక్సీ అన్నది వెతుక్కోనక్కర్లేకపోయింది.

హాలుకి వెళ్లే దారిలో పోలీసు ఠాణా గోడవారన పట్టుబడిన బండ్లు, గుద్దుకున్న బండ్లు పడేసి ఉంటాయి. అందులో ఒక పసుపు అంబాసిడర్. రెండు వానాకాలాలుగా అక్కడే. ముందుభాగం కుడివైపు, అంటే డ్రైవరు కూర్చునే వైపు, నుజ్జయిపోయింది. బానెట్ మూల మీద ఎవరో చేత్తో పూసిన చారెడు పసుపు, అసలు రంగు కంటే కొంచెం ముదురు. వెనక అద్దం మీద వెలిసిపోయిన స్టిక్కరు. నేను ముప్పై నలభై ఫొటోలు తీసుకున్నాను. మడతపడ్డ రేకు అంచు దగ్గర రంగు పొరలు పొరలుగా ఎలా లేచిందో దగ్గరికెళ్లి చూశాను. స్టీరింగు వెనక్కి వచ్చి సీటుకి ఆనుకున్న తీరు కూడా చూశాను. ఆ సీట్లో కూర్చున్నవాడు ఏమయ్యాడన్న ఆలోచన నాకు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. ముప్పై నలభై ఫొటోలు తీసి, ఒక్కసారి కూడా రాలేదు.

ఎడమ పక్క మాత్రం కనపడదు. బండికీ గోడకీ మధ్య సందు సన్నం, ఆ సందు నిండా తుప్పుపట్టిన మోటారు సైకిళ్లు ఒకదానిమీద ఒకటి. నా బాడీకేమో రెండు పక్కలూ కావాలి. కాబట్టి ఎడమ పక్క నేనే ఊహించాను. ఒట్టి దుమ్ము కొట్టి వదిలేస్తే చప్పగా ఉంటుంది. వెనక తలుపు నుంచి ముందు మడ్‌గార్డు దాకా పొడుగ్గా ఒక రాపిడి పెట్టాను. అందులో మినీబస్సుల ముదురు ఎరుపు అంటించాను, ఒక బస్సు రాసుకుంటూ వెళ్లిపోయినట్టు. పసుపు మీద ఎరుపు బాగా కనిపిస్తుంది. ఖాళీ తొడుగు మీద నేను వేసిన మొట్టమొదటి రంగు అదే. ఆ పూట చేయి బాగా ఆడింది. సంతోషంగా పడుకున్నాను.

పందెం రోజు నా టాక్సీ రెండో చుట్టులోనే బోల్తాపడింది.

"బ్యాంకు దాదా, మీటరు వేసుకుని నడపాలేమో!" అని దంతవైద్యుడు అరిచాడు.

"పోనీలే, బ్రేక్‌డౌన్ అయిన టాక్సీ కదా, సహజంగా ఉంది," అన్నాడు మెకానిక్కు.

బాడీల తీర్పు మా రిటైర్డ్ ఇంజనీరుది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నా టాక్సీని కంటికానించి చూశాడు. ఎడమ పక్కకి తిప్పి అక్కడే ఆగిపోయాడు. "ఈ గీత ఊహించి వేసింది కాదు. ఎక్కడో చూసి వేశావు. ఊహించేవాడు ఇలా మధ్యలో తెంపి మళ్లీ మొదలుపెట్టడు," అన్నాడు బెంగాలీలో.

అప్పుడు నేనన్నది ఇది: "ఇందులో ఒక్క గీత కూడా నా సొంతం కాదు దాదా. ఠాణా ముందున్న బండి. ఉన్నది ఉన్నట్టు దింపాను."

ఎందుకన్నానో నాకు తెలుసు. చూసి వేసింది అంటే ఆయన దృష్టిలో విలువెక్కువ. అంతే. కప్పు నా చేతికిచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు.

హాలు తాళాలు చూసుకునే ముసలాయన తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. ఓడరేవులో బతుకంతా పనిచేసి రిటైరయ్యాక, ఇక్కడ పగటి కాపలాకి చేరాడు. ఉండేది ఏక్‌బాల్‌పూర్‌లో. నేను తెలుగువాణ్ణని తెలిసిన దగ్గర్నించీ పందెం రోజుల్లో నాకు మాత్రం పెద్ద గ్లాసుతో టీ తెచ్చేవాడు. ఒక కొడుకుండేవాడనీ, పోయాడనీ చెప్పాడు ఒకసారి. ఎలా అని నేను అడగలేదు. పందెం మొదలవబోతోందప్పుడు.

అందరూ కార్పెట్లు చుడుతుంటే ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు. టాక్సీని ముట్టుకోలేదు. నడుం వంచి బానెట్ మూల చూశాడు, నేను శ్రద్ధగా వేసిన ఆ ముదురు పసుపు అతుకుని.

"ఇది నాను పూసినాను," అన్నాడు. "ఓడకి రంగేసే బురుసుతో. రంగు కలవనేదు. మావోడు నవ్వీసినాడు. నా బండికి బొట్టెట్టినావేటి నాన్నా అన్నాడు."

ఆయన మెల్లగా అటుపక్కకి నడిచాడు. ఎడమ పక్కకి. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

"రోజూ సూత్తాను బాబూ ఆ బండిని. ఆ దార్న పని కావాలని అడిగి మరీ సేరినాను ఇక్కడ. గాని అటుపక్క నాకు కానరాదు. ఆ సైకిల్లు అడ్డం." వేలు ఎత్తి గాలిలోనే ఆ రాపిడి పొడుగునా నడిపాడు. "ఇది మినీబస్సు రంగు."

ఆ తర్వాత చెప్పింది ఆగకుండా చెప్పాడు, కార్పెట్లు చుట్టేవాళ్ల గోలలో నాకు మాత్రమే వినపడేలా. ఆ రోజు కొడుకు రాత్రంతా టాక్సీ తోలి, తెల్లారగట్ల వచ్చి పడుకున్నాడు. ఇంట్లో ఉన్న చుట్టాలు ఊరెళ్లాలి, స్టేషన్లో దింపాలి. "నానే లేపినాను. మంచం కోడు తన్ని లేపినాను. ఒక్క గంట నాన్నా అన్నాడు. రైలు నీకోసం కూకుంటాదా అన్నాను. ఆళ్లని దింపీసి తిరిగొత్తా, ఫ్లైఓవరు తంభానికి గుద్దీసినాడు. నిద్దరలో గుద్దీసినాడని పోలీసోలు రాసీసినారు. నిద్దర నేకుండా లేపినోన్ని నాను గదా బాబూ."

మళ్లీ ఆ ఎరుపు వైపు చూశాడు.

"నిద్దర గాదన్నమాట. బస్సు తోసీసింది." అప్పుడే అడిగాడు. "అటుపక్క మీరు సూసినారా బాబూ?"

నా వెనక మూడడుగుల్లో ఇంజనీరున్నాడు. నా చేతిలో కప్పుంది. తల ఊపాను.

ఆయన ఏడవలేదు. భుజం మీది తువ్వాలు తీసి, బొమ్మ చుట్టూ బల్లని శుభ్రంగా తుడిచాడు. "ఓ నాల్రోజులు ఇత్తారా? మా కోడలికి సూపించాల," అన్నాడు. తీసుకెళ్లండి అన్నాను. ఆ తువ్వాల్లోనే చుట్టుకుని, రెండు చేతుల్తో పట్టుకుని బస్సెక్కాడు.

ఆ వారం నేను ఠాణా దారి మార్చేశాను. ఆ దార్లోనే నడిచి వెళ్లే బ్యాంకుకి మెట్రో ఎక్కాను. దారి మార్చినంత మాత్రాన ఏమీ మారలేదు. నా కళ్లకి మినీబస్సులు తప్ప వేరే బండ్లు ఆనేవి కావు. ఈ ఊళ్లో పాతబడ్డ మినీబస్సు ఏది చూసినా పక్కన ఎక్కడో ఒకచోట పసుపు గీత ఉంటుంది. ఏళ్లపాటు టాక్సీలతో రాసుకుని తిరిగిన బస్సులవి. ఇదివరకు చూడని నేను ఇప్పుడు ప్రతిదాని మీదా చూస్తున్నాను. ఆఫీసు కిటికీలోంచి కింద ఆగిన బస్సు పొట్టమీద గీత చూసి, ఇదేనేమో అనుకున్నాను. ఏమో, నిజంగానే బస్సు గుద్దిందేమో, నా చేతికి తెలియకుండానే నిజం దొరికిందేమో. ఒక మధ్యాహ్నం ఆ ఆలోచన నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఫైలు మూసి బయటికెళ్లి టీ తాగాను. తాగుతుండగానే తెలిసింది, నేను ఆ ముసలాయన బదులు నన్ను ఓదార్చుకుంటున్నానని.

ఇంట్లో బాడీలు పెట్టే అరలో ఆ టాక్సీ ఖాళీ అలాగే ఉంది. రంగు సీసాలున్న డబ్బా తెరవలేదు. తెరిస్తే ముందు ఆ ఎరుపు కనపడుతుంది.

బుధవారం ఆయన ఫోన్ చేశాడు. గొంతు పదేళ్లు చిన్నదయింది.

"బాబూ, ఠాణాకెల్లినాను. ఠాణా పెద్ద, ఆ బడబాబు, నవ్వీసినాడు. బొమ్మ సూసి కేసు రాత్తారేటి తాతా, సూసినోన్ని తే అన్నాడు. మీరొక్కసారొచ్చి సెప్తే సాలు."

"మీరు... ఇంకెవరికైనా చెప్పారా?"

"మా సందంతా తెలుసు గదా. మా కోడలు, రెండేల్లయిపోనాది బాబూ, నాతో మాటాడదు. కంచం ఇలాగ తోసీసి ఎల్లిపోద్ది. మొన్న మీ బొమ్మ సూపించినాను. నిన్న, మావా పులుసు ఏద్దునా, అనింది. ఇన్నారా? పులుసు ఏద్దునా అనింది."

శనివారం వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు అర్థమైంది, ఆదివారం చెప్పి ఉంటే పోయేది ఒక కప్పు. ఇప్పుడు పోయేది ఆయన కంచంలో పులుసు.

శనివారం ఏక్‌బాల్‌పూర్ వెళ్లాను. సందులోపల సందు, మేడ మీద ఒకే గది. కోడలు కిటికీ దగ్గర మెషీన్ మీద చొక్కా కాలర్లు కుడుతోంది. ముప్పై దాటి ఉంటుంది. నన్ను చూసి లేచి, కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. ఎదురుగా గోడకి ఆమె భర్త ఫొటో. ఫొటో కింది చెక్క మీద నా టాక్సీ. ఎడమ పక్క బయటికి కనపడేలా పెట్టారు. దాని బానెట్ మీద ఒక బంతిపువ్వు.

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. "ఆ ఎరుపు నేను ఊహించి వేశాను. అటుపక్క నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఆరోజు మీరడిగితే తప్పు చెప్పాను."

ముసలాయన నా మాట అందనట్టు చూశాడు. "సూడకుండా ఎలాగేసినారు?"

"ఊహించి."

"ఎందుకేసినారు?"

వారమంతా నేను దీనికి రకరకాల జవాబులు తయారుచేసుకున్నాను. ఆ మొహం ముందు ఒక్కటీ నిలబడలేదు. "బాగుంటుందని," అన్నాను.

"బాగుంటాదని," అన్నాడాయన. అని మంచం మీద కూర్చున్నాడు.

మెషీన్ ఆగింది. కోడలు లేచి, పువ్వు తీసి పక్కన పెట్టి, టాక్సీని నా చేతికిచ్చింది. "తీసుకుపోండి. వారం దినాలు మా మావ తిన్నాడు, తొంగున్నాడు. మీకు బరువనిపించీసరికి తెచ్చి మా ఇంట్లో దించీసినారు. సెప్పకపోతే ఏటయ్యేది? ఆ సైకిల్లు ఇప్పట్లో ఎవుడు తీస్తాడు?"

నిజం చెప్పి వెళ్లిపోదామనే నేను వచ్చింది. చెప్తే నాకు తేలికవుతుందని తెలుసు, వాళ్లకేమవుతుందో చివరిదాకా ఆలోచించలేదు. ఫొటోలు తీసినప్పుడు ఎలా ఉన్నానో అప్పుడూ అలాగే ఉన్నాను.

ఆమె మళ్లీ మెషీన్ ముందు కూర్చుంది, కుట్టలేదు. సూదివైపు చూస్తూ అంది. "ఆ పూట రైలెక్కింది మా అమ్మ. టైమైపోతంది మావా, లేపండి అని లోపల్నించి అరిసింది నాను. మావ మర్సిపోనాడు. నాను మరవనేదు."

"నువ్వెప్పుడన్నావే?" అన్నాడు ముసలాయన.

"అన్నాను. స్టవ్వు కాడ్నించి."

"నాకినపడనేదు."

"ఇనపడింది గనకే లేపినావు."

నేను మెట్లు దిగుతుంటే మెషీన్ చప్పుడు ఇంకా మొదలవలేదు.

ఆ సాయంత్రమే ఇంజనీరు ఇంటికెళ్లి కప్పు బల్ల మీద పెట్టి, ఆ గీత నా ఊహ అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "ఊహించి అంత బాగా వేశావంటే ఇంకా గొప్ప కదా దాదా, తీసుకెళ్లు," అన్నాడు. అదొక దెబ్బ. కప్పు అక్కడే వదిలేసి వచ్చాను.

కోడలి మాట మాత్రం వదల్లేదు. ఆ సైకిల్లు ఎవుడు తీస్తాడు? సోమవారం సెలవు పెట్టి ఠాణాకెళ్లాను. రెండు గంటలు కూర్చున్నాక బడబాబు పిలిచాడు. అర్జీ చదివి, "గోడపక్క శుభ్రం చేస్తావా? నువ్వు? మున్సిపాలిటీలో చేరావా?" అన్నాడు. చనిపోయినవాడి తండ్రి ఆ బండిని అటువైపు ఒకసారి చూడాలంటున్నాడని చెప్పాను. బొమ్మ తెచ్చిన తాతేనా అన్నాడు. అవునన్నాను, ఆ బొమ్మ మీది గీత అబద్ధమని కూడా చెప్పాను. ఆయన కాసేపు పెన్ను ఆడించాడు. టాక్సీ కేసులోది, దాన్ని కదపకూడదు. మోటారు సైకిళ్లు పక్కకి తీయొచ్చు, ఆదివారం పొద్దున, ఒక కానిస్టేబులు ఉండగా. మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాలి, అన్నాడు.

ఏక్‌బాల్‌పూర్ వెళ్లి ముసలాయనకి చెప్పాను. "అక్కడేముంటుందో నాకు తెలియదు. ఏమీ ఉండకపోవచ్చు. మీరు చూడాలనుకుంటేనే," అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. కోడలు తను రానంది.

ఆదివారం ఆరింటికి మొదలుపెట్టాను. పదిహేడు మోటారు సైకిళ్లు. కొన్నింటికి చక్రాలు లేవు, కొన్ని తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కానిస్టేబులు స్టూలు మీద కూర్చుని బిస్కెట్టు తింటూ, "ఏం దాదా, అన్నీ కొనేస్తావా? హోల్‌సేలుగా మాట్లాడనా?" అంటున్నాడు. అరచేతులు చీరుకుపోయాయి. సైకిళ్ల తర్వాత పిచ్చిమొక్కలు, అద్దం పెంకులు, తడిసి గడ్డకట్టిన ఆకుల చెత్త. చెత్త తీస్తున్నంతసేపూ తల వంచుకునే ఉన్నాను. ఎడమ తలుపులు నా భుజానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఒక్కసారి కళ్లెత్తితే చూసేవాణ్ణి. ఎత్తలేదు. ఆ పక్కని నేను ఒకసారి చూసేశాను, చూడకుండానే. ఇప్పుడు ముందు చూడాల్సింది నేను కాదు.

ఎనిమిదిన్నరకి ముసలాయన వచ్చాడు. వెనక నాలుగడుగుల దూరంలో కోడలు. నేను సందులోంచి బయటికొచ్చి, రోడ్డువైపు తిరిగి నిలబడ్డాను. వాళ్లు లోపలికెళ్లారు, పక్కకి తిరిగి, ఒకరి వెనక ఒకరు. రేకు మీద చేయి రాసే చప్పుడు వినపడింది. కోడలు ఏదో అంది, ఆయనేదో అన్నాడు. ఏమిటో తెలియలేదు.

ఆయన బయటికొచ్చేసరికి జుట్టునిండా బూజు. అరచేతులు నాకు చూపించాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"రంగు నేదు బాబూ. సొట్ట కూడా నేదు. అటుపక్క కొత్తబండి నాగుంది."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, ఆయన ఆ మాట కోసం నిలబడలేదు. కోడలు బయటికొచ్చి, ఆయన తలమీది బూజు కొంగుతో దులిపింది. నా వైపు చూడలేదు.

"నడు మావా, ఎండెక్కిపోతంది," అంది.

ఇద్దరూ బస్టాపు వైపు వెళ్లారు. ఆమె కొంచెం ముందు నడిచి, ఆయన అందుకునేదాకా ఆగి, మళ్లీ నడిచింది.

"దాదా, బండ్లు!" అన్నాడు కానిస్టేబులు.

మళ్లీ మొదలుపెట్టాను. కోడలు మళ్లీ చూడాలన్నా, ముసలాయన ఇంకోసారి రావాలన్నా దారుండాలని, సందులో మనిషి పట్టేంత చోటు వదలనివ్వమని అతణ్ణి బతిమాలాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఆ చోటు వదిలి, పదిహేడూ గోడ చివరికి ఒక్కొక్కటిగా మోసుకెళ్లి నిలబెట్టాను. అయ్యేసరికి మధ్యాహ్నమైంది.